మురుగునీటిని శుద్ధిచేయు సూక్ష్మజీవులు - వాటి శ్వాసను కొలుచు విధము

పట్టణములకు దిగువన వ్యవసాయము చేయు రైతులకు మురుగునీరు క్రొత్త కాదు. మూసీనదికి దిగువన హైదరాబాదు నగరపు నీటితో వరియు, పశువుల మేతకు పేరాగడ్డియు పండించుట ఎన్నో దశాబ్దములుగా జరుగుచున్నది. ఎండకాలమున చెరువు ఎండినను, బావి అడుగంటినను పట్టణపు మురుగుకాలువ మాత్రము ఎండదు. పైగా ఆ నీటిలో పైరునకు కావలసిన నత్రజని, భాస్వరము కూడ ఉండును. కావున శుద్ధిచేసిన మురుగునీరు రైతునకు ఒక విధముగా వరమనియే చెప్పవచ్చును.

అయితే ఆ నీరు నిజముగా శుద్ధియైనదో లేదో నీరు పొలము చేరక ముందే తెలియవలెను. మడిలోనికి పారిన తరువాత తెలిసిన ప్రయోజనము లేదు. ముందుగా తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. శుద్ధి కేంద్రములోని సూక్ష్మజీవులు ఎంత చురుకుగా ఊపిరి పీల్చుచున్నవో కొలుచుటయే ఆ పరీక్ష. శుద్ధి కేంద్రములను నడుపువారికే కాక ఆ నీరు వాడుకొను రైతులకును, చిన్న పాలకేంద్రములు, బియ్యపు మిల్లులు గలవారికిని ఇది తెలిసియుండుట అవసరము.

ఒక అనుభవము

నేను పనిచేసిన ఒక ప్రాంతమున ఒక చిన్న పట్టణపు శుద్ధి కేంద్రము నుండి వచ్చు కాలువ క్రింద కొందరు రైతులు సేద్యము చేయుచుండిరి. ఒక యాసంగిలో నారుమళ్ళు పోసిన వారము దినములకు కాలువలో నల్లని నీరు, తెల్లని నురుగు కనిపించినవి. కుళ్ళిన గ్రుడ్ల వాసన కొట్టినది. రైతులతో కలిసి నేను కేంద్రమునకు పోయి అడుగగా, అక్కడి ఉద్యోగి పరీక్షా పత్రమును చూపెను. అందులో బి.ఓ.డి. 18 అని వ్రాసియున్నది. పొలములకు వదలు నీటికి అప్పుడు 100 వరకు అనుమతి ఉండెను. ఆ లెక్కను నీరు చాల మంచిది.

ఆ పత్రములోని అంకె తప్పుది కాదు. కాని ఆ నమూనా తీసినది అంతకు ముందు వారమున. నడుమ ఒక రాత్రి ఎవరో ట్యాంకరుతో ఏదో రసాయనపు నీరు తెచ్చి మురుగుకాలువలో కుమ్మరించి పోయిరి. తొట్టిలోని జీవులు చాలవరకు చచ్చినవి. ఈ సంగతి కేంద్రమువారికి తెలియక ముందే కాలువకు తెలిసినది, నారుమళ్ళకు తెలిసినది. ఇద్దరు రైతులు మరల విత్తనము కొని నారు పోసికొనవలసి వచ్చినది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు, తరువాతి పరీక్షా పత్రము వచ్చి నీరు చెడిపోయినదని తెలిపినది.

తొట్టిలో జరుగు పని

మురుగునీటిలో మలము, సబ్బు, గంజి, నూనె, కూరల తుక్కు మొదలగు సేంద్రియ పదార్థములుండును. వీటిని తిని బ్రతుకు బాక్టీరియా మొదలైన సూక్ష్మజీవులు కోటానుకోట్లు ఆ నీటిలోనే కలవు. వాటికి గాలిని అందించిన యెడల ఆ పదార్థమును తిని, కొంత భాగమును బొగ్గుపులుసు వాయువుగా మార్చి, కొంత భాగముతో తమ సంతతిని పెంచుకొనును. పెరిగిన జీవులు గుంపులు గుంపులుగా అతుకుకొని గోధుమరంగు మడ్డిగా ఏర్పడును. గాలి ఆపిన తొట్టిలో ఈ మడ్డి అడుగునకు దిగి, పైన తేటనీరు నిలుచును.

ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1914లో ఈ పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. మురుగునీటిలోనికి గాలి ఊదగా మొదట శుద్ధికి సుమారు అయిదు వారములు పట్టినది. అడుగున మిగిలిన మడ్డిని పారవేయక అట్లే ఉంచి, దానిపై క్రొత్త మురుగునీరు పోసి మరల గాలి ఊదిరి. ఇట్లు మాటిమాటికి చేయగా చివరకు ఒక దినము లోపలనే శుద్ధి పూర్తియైనది. మన ఇండ్లలో నిన్నటి పెరుగు కొంచెము మిగిల్చి నేటి పాలకు తోడు పెట్టుట వంటిదే ఇది. తోడు మంచిదైన పెరుగు చక్కగా తోడుకొనును. తోడు చెడినదైన పాలు విరిగిపోవును. ఈ ప్రయోగములకు ప్రేరణ నిచ్చిన గిల్బర్టు ఫౌలరు 1916లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడుగా వచ్చెను.

కావున శుద్ధి కేంద్రమును నడుపుట యంత్రమును నడుపుటతో తీరదు. అది పశువుల మందను మేపుట వంటి పని. మేత, గాలి, విశ్రాంతి మూడును సరిగా అమరవలెను.

బి.ఓ.డి. పరీక్ష ఎందుకు చాలదు?

నీటిలోని సేంద్రియ పదార్థమును తినుటకు సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావలెనో తెలుపు కొలతకు బి.ఓ.డి. అని పేరు. బ్రిటనులో 1912లో ఒక రాయల్ కమిషను నదులలోనికి వదలు నీటికి లీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదని సూచించినది. అక్కడ ఈ పరీక్షను 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 5 దినములు జరుపుదురు. మనది ఉష్ణదేశమగుటచే 27 డిగ్రీల వద్ద 3 దినములు జరుపుట మన పద్ధతి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమముల క్రింద ఏర్పరచిన సాధారణ ప్రమాణముల ప్రకారము నదులు, చెరువులలోనికి వదలు నీటికి 30, పొలములకు పారించు నీటికి 100 మిల్లీగ్రాములు పరిమితిగా నిర్ణయించిరి.

ఈ పరీక్ష అవసరమైనదే. కాని దీనిలో రెండు లోపములు కలవు. మొదటిది, ఫలితము తెలియుటకు మూడు దినములు పట్టును. ఈ లోపల కాలువలోని నీరు మడులు దాటి పోవును. రెండవది, నీటిలో మిగిలిన మేత ఎంతో ఇది తెలుపునే గాని, మేయు జీవుల ఆరోగ్యమును గూర్చి తెలుపదు. పాడిరైతు పాలు తగ్గువరకు వేచియుండడు. ఆవు నెమరు మానినప్పుడే దానికి జబ్బు చేసినదని గుర్తించును. శుద్ధి కేంద్రములో జీవుల ఊపిరి అట్టి గుర్తు.

ఊపిరిని కొలుచు విధము

ఈ పరీక్షకు కావలసినవి: 300 మిల్లీలీటర్ల గాజుసీసా ఒకటి, నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలుచు డి.ఓ. మీటరు ఒకటి, సీసాలోని నీటిని మెల్లగా కలియబెట్టు సాధనమొకటి, గడియారము.

1. గాలి తొట్టి నుండి మడ్డితో కూడిన నీటిని తీసికొనవలెను. నమూనాను నిలువ ఉంచరాదు. వెంటనే పరీక్షింపవలెను.

2. ఒక పెద్ద సీసాలో సగము వరకు ఆ నీటిని పోసి, మూతపెట్టి, బాగుగా కుదుపవలెను. ఇందువలన నీటికి గాలి పట్టును.

3. ఆ నీటితో 300 మిల్లీలీటర్ల సీసాను అంచు వరకు నింపి, మీటరు కడ్డీని మూతవలె బిగింపవలెను. లోపల గాలిబుడగ ఒక్కటియు ఉండరాదు.

4. నీటిని కలియబెట్టుచు, నిమిషమున కొకసారి మీటరు చూపు అంకెను వ్రాసికొనవలెను. మొదటి నిమిషపు అంకెను లెక్కలోనికి తీసికొనరాదు. పది నిమిషములు కాని, అంకె 1కి దిగువరకు కాని ఇట్లు చేసిన చాలును.

బయటి గాలి లోనికి పోవుటకు దారి లేదు గనుక సీసాలో తగ్గిన ప్రాణవాయువంతయు ఆ జీవులు పీల్చినదే. ఉదాహరణకు మొదట లీటరుకు 6 మిల్లీగ్రాములు ఉండి, పది నిమిషములకు 2 అయినదనుకొందము. పది నిమిషములలో 4 తగ్గినది. అనగా గంటకు 24. తొట్టిలో జీవులు ఎక్కువైన ఊపిరియు ఎక్కువగును గనుక ఈ అంకెను లీటరులో గల జీవపదార్థపు బరువుతో భాగింపవలెను. ఆ బరువు 2 గ్రాములైన, 24ను 2తో భాగింపగా 12 వచ్చును. ఒక గ్రాము జీవపదార్థము గంటకు 12 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పీల్చుచున్నదని దీని అర్థము.

జీవపదార్థపు బరువు కనుగొనుటకు మడ్డిని వడగట్టి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచి, 550 డిగ్రీల వద్ద కాల్చి మరల తూచవలెను. కాలిపోయిన భాగమే జీవపదార్థము. దీనిని వారమున కొకటి రెండుసార్లు చేసిన చాలును. ఊపిరిని మాత్రము ప్రతిదినము కొలువవలెను.

అంకెను అర్థము చేసికొనుట

సాధారణముగా ఈ అంకె 8 నుండి 20 వరకు ఉండిన తొట్టి ఆరోగ్యముగా ఉన్నదని భావింపవచ్చును. అయితే ప్రతి కేంద్రమునకు దాని అలవాటు దానికుండును. ఒకటి రెండు నెలలపాటు ప్రతిదినము కొలిచి, తమ తొట్టి సహజపు అంకె ఎంతో ముందుగా తెలిసికొనవలెను. తరువాత ఆ అంకె నుండి హెచ్చుతగ్గులను గమనింపవలెను.

అంకె 20 దాటిన యెడల జీవులకు మేత మితిమీరినదని అర్థము. బరువు లాగిన ఎద్దు డొక్కలెగరవేసినట్లు అవి రొప్పుచున్నవి. అప్పుడు గాలి పెంచవలెను. అడుగున దిగిన మడ్డిని ఎక్కువగా గాలి తొట్టికి త్రిప్పిపంపవలెను. వీలైనచో వచ్చు మురుగును కొంతసేపు నిలిపి మెల్లగా వదలవలెను.

అంకె 8కి తగ్గిన యెడల కారణము రెండు విధములుగా ఉండవచ్చును. మేత లేక జీవులు మందగించియుండవచ్చును. లేదా విషము తగిలి చచ్చుచుండవచ్చును. ఈ రెండింటికి చేయవలసిన చికిత్సలు వేరు గనుక ఏది కారణమో తేల్చుకొనక తొందరపడరాదు. తేల్చు ఉపాయము సులభమైనదే. అదే మడ్డిలో, వచ్చుచున్న మురుగునీటిని కొంచెము కలిపి మరల ఊపిరిని కొలువవలెను. ఆకలిగొన్న పశువు ముందర గడ్డి వేసిన ఆత్రముగా తినును. ఊపిరి పెరిగిన యెడల కారణము ఆకలియే. అప్పుడు మిగులు మడ్డిని కొంత తీసివేసి, గాలిని తగ్గించుకొనవచ్చును. ఇట్టి కేంద్రములలో గాలి యంత్రములే విద్యుత్తులో పెద్ద భాగమును, అనేక చోట్ల సగము వరకు వాడుకొనును గనుక ఖర్చు కూడ కలిసివచ్చును.

మేత కలిపినను ఊపిరి పెరుగక, అట్లే ఉండినను, ఇంకను పడిపోయినను అది విషమునకు గుర్తు. వెంటనే వచ్చు నీటిని ప్రక్కకు మళ్ళించి, బయటికి పోవు నీటిని నిలిపివేసి, కాలువ క్రింది రైతులకు తెలియజేయవలెను. ఈ పరీక్ష అంతటికి పట్టు కాలము అరగంట.

మరి మూడు సులభ పరీక్షలు

మడ్డి దిగు పరీక్ష: లీటరు కొలజాడీలో గాలి తొట్టి నీటిని నింపి 30 నిమిషములు కదలక ఉంచవలెను. మడ్డి 300 మిల్లీలీటర్ల గీతకు దిగినదనుకొందము. లీటరులో 3 గ్రాముల మడ్డి ఉండిన, గ్రాముకు 100 మిల్లీలీటర్లు. ఇది మంచి గుర్తు. 150 దాటిన యెడల మడ్డిలో దారములవంటి జీవులు పెరిగి, దూదివలె ఉబ్బి, దిగక తేటనీటితో కొట్టుకొనిపోవు ప్రమాదము కలదు. గాలి తక్కువైనప్పుడు ఇట్లు జరుగుట కద్దు. గాలి తొట్టిలో కరిగిన ప్రాణవాయువు సుమారు 2 మిల్లీగ్రాములు ఉండునట్లు చూచుకొనవలెను.

సూక్ష్మదర్శిని పరీక్ష: ఒక చుక్క మడ్డిని సూక్ష్మదర్శినిలో చూచిన, కాడపై గంట ఆకారమున నిలిచియుండు ఏకకణ జీవులు కనిపించును. ఇవి నిండుగా కదలాడుచున్నచో తొట్టి చక్కగా ఉన్నదని నమ్మవచ్చును. ఇవి ముడుచుకొనిపోయినను, కదలిక మానినను ఏదో కీడు జరుగుచున్నదని గ్రహింపవలెను.

నీలిరంగు పరీక్ష: పాల కేంద్రములలో మిథిలీన్ బ్లూ అను నీలిరంగును పాలలో కలిపి, ఆ రంగు ఎంతసేపు నిలుచునో చూచుట మన రైతులెరిగినదే. రంగు అయిదు గంటలు నిలిచిన పాలు మిక్కిలి మంచివి. అరగంటలో విరిగిన చెడ్డవి. పాలలోని ప్రాణవాయువును సూక్ష్మజీవులు పీల్చివేయుటయే రంగు పోవుటకు కారణము. శుద్ధిచేసిన నీటిని కూడ సీసా నిండుగా పోసి, ఈ రంగు కలిపి, మూత బిగించి ఉంచవచ్చును. రంగు ఎక్కువ దినములు నిలిచిన కొలది నీరు కుళ్ళక నిలుచునని తెలియును.

వేసవి, ఎరువు

వేసవిలో శుద్ధి కేంద్రమునకు రెండు వైపుల నుండి ఇబ్బంది కలుగును. వేడికి జీవుల ఊపిరి పెరుగును. కాని వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగును. మంచినీటిలో 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగగా, 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే కరుగును. కావున వేసవిలో ఊపిరిని ఉదయమొకసారి, సాయంకాలమొకసారి కొలుచుట మేలు.

పైరునకువలెనే ఈ జీవులకును నత్రజని, భాస్వరము కావలెను. 100 పాళ్ళ బి.ఓ.డి.కి 5 పాళ్ళ నత్రజని, 1 పాలు భాస్వరము అని లెక్క. ఇండ్ల మురుగులో ఇవి కావలసినంత ఉండును. చక్కెర, పిండి పరిశ్రమల నీటిలో ఇవి చాలవు. అట్టిచోట్ల యూరియా, డి.ఏ.పి. తగుమాత్రము కలుపుట వాడుకలో ఉన్నది. మేత నిండుగా ఉండియు, విషము లేకయు ఊపిరి మందముగా ఉండిన, ఈ లోపమును కూడ అనుమానింపవలెను.

గాలి లేని తొట్టెలు

గోబరుగ్యాసు తొట్టివలె గాలి తగులనీయక నడుపు శుద్ధి కేంద్రములు కూడ కలవు. హైదరాబాదులో అంబర్‌పేట వద్ద దినమునకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యముతో నిర్మించిన కేంద్రములో మురుగునీటిని మొదట ఈ విధముగనే శుద్ధిచేయుదురు. ఇట్టి తొట్టెలలోని జీవులు ప్రాణవాయువును పీల్చవు గనుక వాటి పనిని గ్యాసుతో కొలువవలెను. గోబరుగ్యాసు గల రైతులకు ఇది సులభముగా అర్థమగును. కిలో పచ్చిపేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు రావలెను. పేడ తగ్గకయే మంట తగ్గినదనగా లోపలి జీవులకు జబ్బు చేసినదన్నమాట. చాలవరకు ఇది పులుపు పెరుగుటవలన కలుగును. పి.హెచ్. 6.5కు దిగిన యెడల కొన్ని దినములు మేత తగ్గించి, తొట్టిని కోలుకొననీయవలెను.

మడ్డిని ఎరువుగా వాడునప్పుడు

మిగులు మడ్డిని ఎరువుగా వాడదలచిన రైతులకును ఈ ఊపిరి పరీక్ష ఉపయోగించును. మడ్డి ఇంకను చురుకుగా ఊపిరి పీల్చుచున్నదనగా, అది సరిగా మాగలేదని అర్థము. దానిని పొలములో వేసిన కుళ్ళి, వాసన కొట్టి, ఈగలను చేర్చును. అమెరికాలో 1993లో చేసిన నియమములలో మడ్డి మాగినదని నిర్ధారించుటకు ఒప్పుకొన్న కొలతలలో ఇది యొకటి. 20 డిగ్రీల వద్ద గ్రాము ఘనపదార్థము గంటకు 1.5 మిల్లీగ్రాముల కంటె ఎక్కువ ప్రాణవాయువును పీల్చరాదు. పశువుల పేడనైనను పచ్చిగా వేయక మాగబెట్టి వేయుట మన పెద్దల ఆచారమే గదా.

ఈ పరీక్షలు తెలుపని విషయములు

ఊపిరి బాగున్నంత మాత్రమున ఆ నీరు అన్ని విధముల క్షేమమని తలపరాదు. రోగక్రిములు, నులిపురుగుల గ్రుడ్లు, ఉప్పు, సీసము కాడ్మియము వంటి లోహములు ఎంత ఉన్నవో ఈ పరీక్ష తెలుపదు. వాటికి వేరు పరీక్షలు కలవు. పచ్చిగా తినెడి కూరగాయలకు ఈ నీటిని పారింపకుండుటయే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో ఇట్టి పంటలకు పారించు నీటిలో లీటరుకు ఒకటికి మించి నులిపురుగుల గ్రుడ్లు ఉండరాదని సూచించినది. ఈ నీటిలో పనిచేయువారు కాళ్ళకు జోళ్ళు ధరించి, పని ముగియగానే సబ్బుతో కడుగుకొనవలెను.

రైతులు చేయదగినది

కాలువ క్రింది రైతులు సంఘముగా కూడి శుద్ధి కేంద్రమువారిని రెండు విషయములు కోరవలెను. మొదటిది, ప్రతి ఉదయము ఊపిరి అంకెను, మడ్డి దిగిన కొలతను కాలువ తూము వద్ద ఒక నల్లబల్లపై వ్రాయుట. రెండవది, అంకె సగమునకు పడిపోయిన దినమున నీటిని కాలువకు వదలక, నిలువ గుంటకు మళ్ళించుట. మీటరునకగు ఖర్చు, ఒక కాలువ క్రింది పైరు చెడినచో కలుగు నష్టముతో పోల్చిన స్వల్పమే.

పైన తెలిపిన పట్టణమున నారుమళ్ళు చెడిన తరువాత ఈ ఏర్పాటు జరిగినది. అంకెను చదువుట నీరటికి నేర్పితిమి. మరుసటి సంవత్సరము ఒక ఉదయము బల్లపై 13 ఉండవలసినచోట 5 కనిపించినది. తొట్టిలోని నీరు చూచుటకు అప్పటికింకను తేటగనే ఉన్నది. మురుగునీరు కలిపి కొలిచినను ఊపిరి పెరుగలేదు. నీరటి తూము మూసెను. కేంద్రమువారు నీటిని గుంటకు మళ్ళించి, మరియొక కేంద్రము నుండి మంచి మడ్డిని తోడుగా తెచ్చి తొట్టిలో పోసిరి. పది దినములకు అంకె మరల 12కు వచ్చినది. ఆ పది దినములలో రైతులు బావినీటితో నారుమళ్ళను కాపాడుకొనిరి. ఒకటి రెండు తడులు ఆలస్యమైనవి గాని, ఆ యేడు మరల విత్తనము కొనవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు.